సవరణ: శరణార్థుల తీర్పుల్లో పేర్లు తీసేస్తే చాలదు

శరణార్థుల కోర్టు రికార్డులను ఓపెన్ డేటాగా, అంటే ఎవరైనా దించుకుని వాడుకునేలా, పెట్టడం గురించి పోయిన వారం రాస్తూ, "తీర్పులు ఎలాగూ బహిరంగమే, పేర్లు తీసేస్తే ఎవరికీ నష్టం లేదు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎలాగూ బహిరంగమే అన్నది అన్నిచోట్లా నిజం కాదు. కెనడాలో ఆశ్రయం ఇవ్వాలా వద్దా తేల్చే శరణార్థి బోర్డు విచారణ మామూలుగా గోప్యంగా జరుగుతుంది. అదే కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్తే తీర్పు అందరికీ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోనైతే దరఖాస్తుదారు పేరు కోర్టు ప్రచురించకూడదని చట్టమే ఉంది.

అంతకన్నా పెద్ద తప్పు పేర్ల విషయంలో చేశాను. తీర్పులో ఊరు, పార్టీ, అన్నను అరెస్టు చేసిన తేదీ, దేశం దాటిన నెల ఉంటాయి. ఆ ఊరివాళ్లు ఇవి చదివితే చాలు, ఎవరో చెప్పేస్తారు. వేల తీర్పులు ఒకే ఫైలులో ఉంటే వెతకడం నిమిషాల పని.

పేర్లు లేవనుకున్న ఫైలులోనూ అవి మిగిలిపోవచ్చు. 2014లో ఆస్ట్రేలియా వలస శాఖ తన వెబ్‌సైట్‌లో ఒక గణాంకాల నివేదిక పెట్టింది. అందులోని చార్టు వెనక స్ప్రెడ్‌షీట్ అలాగే ఉండిపోయి, వలస శాఖ నిర్బంధంలో ఉన్న 9,000 మందికి పైగా పేర్లు, పుట్టిన తేదీలు బయటపడ్డాయి. ఈ లీకే తమను ప్రమాదంలోకి నెట్టిందన్న వాదన 2016లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా వెళ్లింది.

జడ్జిని బట్టి ఫలితం మారుతోందని తేల్చడానికి ఈ రికార్డులు కావాలి, ఆ మాట మీదే ఉన్నాను. అందుకు తేదీ, జడ్జి, ఫలితం చాలు. పూర్తి పాఠం మాత్రం షరతులకు ఒప్పుకున్న పరిశోధకులకే ఇవ్వాలి.