ఇంజిన్ పొగ తగ్గించాలని నాజిల్ ముందు చెయ్యి పెట్టకండి

‘పాత డీజిల్ ఇంజిన్ నల్లపొగకి మెకానిక్ అక్కర్లేదు, 5 చిట్కాలు చాలు’ అన్న మెసేజ్ భీమవరం నుంచి అమలాపురం దాకా రొయ్యల రైతుల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పొద్దున ఒకరు పంపితే సాయంత్రం మరొకరు. ఇకనైనా ఆపండి.

ట్యాంకులో కలరా ఉండలట. అవి కాలితేనే మసి కక్కుతాయి. డీజిల్ పైపుకి అయస్కాంతమట. దండగ. సగానికి సగం కిరోసినట. ఇంజిన్‌కి డీజిల్ నెట్టే పంపులోని ప్లంజర్‌కీ, దాన్ని లోపలికి చిమ్మే నాజిల్ సూదికీ జిడ్డు అందించేది డీజిలే. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. రెండూ అరిగి నాజిల్ కారడం మొదలైతే పొగ ఇంకా పెరుగుతుంది.

ఎయిర్ క్లీనర్ తీసేయమన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. తీయగానే పొగ తగ్గితే అది పూడుకుపోయిందన్నమాట. ఆ పరీక్షకి అర నిమిషం చాలు. తర్వాత క్లీనర్ కింది ఆయిల్ గిన్నె విప్పి, అడుగున బురదలా పేరుకున్న ఆయిల్ డబ్బాలోకి వంపి, జాలీ కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, కొత్త ఆయిల్ గీత వరకే పొయ్యండి. గీత దాటితే ఇంజిన్ ఆ ఆయిల్‌ని లాక్కుని నీలంపొగ వదులుతుంది. క్లీనర్ లేకుండానే నడిపారా, మాసూళ్ల రోజుల్లో లేచే దుమ్మంతా లైనర్నీ రింగుల్నీ గీకేస్తుంది.

ఇక అయిదోది: ‘నాజిల్ విప్పి, హ్యాండిల్ తిప్పుతూ, చిమ్మే డీజిల్‌ని అరచేత్తో పట్టి చూడండి.’ ఇది రాసినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా? మన పంపుసెట్ ఇంజిన్లలో చాలావాటి నాజిల్ చదరపు సెంటీమీటరుకి సుమారు 200 కిలోల ప్రెజర్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే, మొదట్లో నొప్పి కూడా పెద్దగా తెలియకపోవచ్చు. గంటల్లో చెయ్యి వాచి లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. పసుపు అద్ది పడుకోవద్దు. వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లి, ‘డీజిల్ చేతిలోకి ఎక్కింది’ అని ఆ మాటే చెప్పండి.

నాజిల్‌ని డీజిల్ ఇంజిన్ పంపులూ నాజిళ్లూ బాగుచేసే షాపులో టెస్టర్ మీద చూపించండి. చిమ్మే డీజిల్ మంచులా విచ్చుకోవాలి, ఆగాక మొన దగ్గర చుక్క కారకూడదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త రాగి వాషర్ వెయ్యండి, పాతది లోపలే అతుక్కుని ఉందేమో టార్చి వేసి చూడండి. రెండు వాషర్లు పడితే నాజిల్ పైకి లేచి పొగ తగ్గదు.

అప్పటికీ నల్లగానే వస్తుంటే, ఆ ఇంజిన్ తిప్పే జనరేటర్ మీద ఎన్ని ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) వేశారో లెక్కపెట్టండి. మోయలేని లోడు పడ్డా నల్లపొగే.