అప్ అండ్ డౌన్ గారికి నల్గొండ నుంచి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అప్ అండ్ డౌన్ గారి సముఖానికి,

నల్గొండ నుంచి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ లెక్కల టీచరు నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరింకా మా గడప తొక్కలేదు కాబట్టి మరీ క్షేమం.

హైదరాబాద్‌లో కాపురం ఉండి రోజూ జిల్లాకు ఉద్యోగానికి వచ్చిపోయే పద్ధతికి జనం పెట్టుకున్న పేరు మీరు. మీ పేరు మీద ఒక్క జీవో లేదు, ఆఫీసు లేదు, బోర్డు లేదు. అయినా ఉమ్మడి నల్గొండలో మీ కింద పనిచేయని శాఖ నాకు కనపడలేదు. ఉద్యోగులు పనిచేసే చోటే ఉండాలని పైనుంచి సర్క్యులర్ వస్తుంది. దాన్ని టైపు చేసినాయన సంతకం పెట్టించుకుని, నాలుగున్నర బస్సు దొరుకుతుందో లేదో అని గోడ గడియారం చూస్తాడు. పెళ్లి సంబంధాల్లో కూడా మీ పలుకుబడి మామూలుది కాదు. "పిల్లగాడు నల్గొండల జాబ్, ఉండేది ఎల్బీనగర్, అప్ అండ్ డౌన్" అనగానే పిల్ల తండ్రి మొహం వెలిగిపోతుంది. జీతం సర్కారుది, కాపురం పట్నంలో. ఇంకేం కావాలి?

పాలమూరు వైపూ మీ రాజ్యమే కదా. ఒకప్పుడు పాలమూరు వలస అంటే బొంబాయి బస్సు. ఇప్పుడు రోజూ పొద్దున ఇంకో వలస ఎదురొస్తుంది. పట్నం నుంచి పాలమూరుకు, టిఫిన్ బాక్సు పట్టుకుని, సాయంత్రానికి రిటర్న్. మీ సౌకర్యం కోసమేనా అన్నట్టు సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైను 85 కిలోమీటర్లు డబుల్ చేసి 2023లో జాతికి అంకితం చేశారు.

అసలు విషయానికి వస్తాను. మా ఇంట్లో మీ తరఫున రాయబారం నడుస్తోంది. రాయబారి మా బావగారు. హయత్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న దగ్గర్నుంచి ఏ పండక్కి వచ్చినా ఆయనది ఒకటే పాట: "ఇంకా ఈ నల్గొండలనే ఉంటరా? పిల్లగాని ఫ్యూచర్ సోంచాయించరా?" పిల్లగాడు జూన్‌లో నాలుగో తరగతికి వస్తాడు. ఫ్యూచర్ సంగతి వాడికింకా తెలియదు, ప్రస్తుతం గోళీలాట మీద ఉన్నాడు. మా ఆయన మాత్రం ఎల్ఐసీ డైరీలో స్కేలు పెట్టి మూడు గడులు గీశాడు. ఇల్లు, స్కూలు, రాకపోకలు. మూడింటికీ కింద టోటల్ గీత కూడా ముందే గీసి పెట్టాడు.

మొదటి గడి. ఇక్కడ రామగిరిలో మేముండే రెండు బెడ్‌రూముల ఇంటికి 9 వేలు. వాకిట్లో ఓనరు వేసిన బత్తాయి చెట్టు ఉంది, కాయలు రాలితే మావే. వనస్థలిపురంలో చూసిన ఇల్లు 19 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, రెండు నెలల అడ్వాన్స్. మూడో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్. తూర్పున పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల వంటింటి కిటికీ ఉంది, సూర్యుడు వాళ్లను దాటుకుని రావాలి. ఇల్లు చూపిస్తూ ఓనరమ్మ "చుట్టాలు ఎక్కువొస్తరా?" అని అడిగింది. నల్గొండ వాళ్లమని చెప్పాం. "అయితే వస్తరు" అని తనే జవాబు చెప్పేసుకుంది.

ఈ గడిలో మా ఆయన రాయనిది ఒకటుంది. హెచ్ఆర్ఏ, అదే ఇంటద్దె అలవెన్సు, ఇచ్చేది మనం ఉండే ఊరిని బట్టి కాదు, పనిచేసే ఊరిని బట్టి. హైదరాబాద్‌లో పనిచేస్తే బేసిక్ మీద 24 శాతం. నా బడి నార్కెట్‌పల్లి నుంచి లోపలికి పోయే పల్లెలో, నాకు వచ్చేది 11 శాతం. అంటే మీ పుణ్యాన అద్దె పట్నం రేటుకు కడతాను, ప్రభుత్వం మాత్రం నన్ను ఊళ్లోనే ఉన్నట్టు లెక్క వేస్తుంది. లెక్కల టీచర్ని కాబట్టి అడుగుతున్నాను, ఈ తేడా ఏ గడిలో రాయాలి?

నీళ్ల మాట కూడా చెప్పింది ఓనరమ్మ: "కృష్ణా వాటర్ వస్తది, ఎండకాలం కొంచెం ట్యాంకర్." ఆ కృష్ణా నీళ్లు మా జిల్లావే. అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కోదండాపురంలో శుద్ధయి, పైపుల్లో సాహెబ్‌నగర్ దాకా పోతాయి. 2004 నుంచీ ఇదే వరస. ఆ నీళ్లది అప్ మాత్రమే, డౌన్ లేదు. మీ లెక్కల ప్రకారం తెలివైనవి అవే.

ఇక స్కూలు గడి. బావగారి గొంతు పెరిగేది ఇక్కడే. ఆయన చెప్పే స్కూలుకు గ్రౌండు లేదు కానీ గేటు మీద ర్యాంకుల ఫ్లెక్సీ ఉంది. నాలుగో తరగతి నుంచే ఫౌండేషన్ అట. దేనికి ఫౌండేషన్ అని అడిగితే అడ్మిషన్ల మేడమ్ నన్ను జాలిగా చూసి "ఐఐటీకి అండీ" అంది. ట్యూషన్ ఫీజు ఒకటి, అడ్మిషన్ ఫీజు ఒకటి, పుస్తకాలు వాళ్ల దగ్గరే, యూనిఫాం వాళ్లు చెప్పిన షాపులోనే. బుధవారానికి వేరే యూనిఫాం. నడిచిపోయేంత దూరమే అన్నారు, నిజమే, కానీ మధ్యలో విజయవాడ హైవే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లగాణ్ని ఆ రోడ్డు దాటించే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి వ్యాన్ ఫీజు అదనం.

వాణ్ని సర్కారు బళ్లోనే వేయొచ్చు కదా అని మీరు అడగరు. మీ రాజ్యంలో అది అడగకూడని ప్రశ్న. నేనే చెప్తాను, అక్కడ మేం ఉన్నవాళ్లమంతా డీఎస్సీ రాసి గెలిచి వచ్చినవాళ్లం. 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త సైన్స్ టీచర్ అయితే పిల్లలతో లిట్మస్ పేపర్ బదులు మందార పూలు నూరించి మరీ ప్రయోగాలు చేయిస్తోంది. కానీ మా స్టాఫ్ రూములో ఎవరి పిల్లలూ సర్కారు బళ్లో లేరు. నా పిల్లగాడూ లేడు. వాడు నల్గొండలో ప్రైవేటు బళ్లో ఉన్నాడు. ఇప్పుడు అది కూడా చాలదు, పట్నం ప్రైవేటు కావాలట. మా ఉమ్మడి జిల్లాలోనే, మీరు రోజూ దాటిపోయే చౌటుప్పల్‌కు దగ్గర్లోనే సర్వేల్ ఉంది. పీవీ నరసింహారావు చొరవతో 1971లో ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది అక్కడే. ఎక్కడెక్కడి పిల్లలో ఆ ఊరికి వచ్చి చదివారు. ఇప్పుడు సర్వేల్ యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది, మేం రంగారెడ్డి జిల్లాలోకి పోతామంటున్నాం.

జిల్లా అంటే గుర్తొచ్చింది. ఈ సంగతి చెప్పాకే మా ఆయన డైరీ ఒకసారి మూసి మళ్లీ తెరిచాడు. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లాకే లోకల్. జిల్లా కేడర్ సర్కారు పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. మావాడు మూడేళ్లు నల్గొండలో చదివాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వనస్థలిపురంలో చదివితే అక్కడ నాలుగేళ్లు. మూడు కంటే నాలుగు ఎక్కువ, ఇది ఫౌండేషన్ కోర్సు లేకుండానే నాకు తెలుసు. అంటే తల్లి ఉద్యోగం చేసే జిల్లాలో కొడుకు నాన్‌లోకల్. బావగారు దీనికీ తడుముకోలేదు. "వాడు ఐఐటీ చదివినంక సర్కారు నౌకరీ ఎందుకు?" అన్నారు. అన్నది సర్కారు జీతం తినే మరదలితో.

మూడో గడి దగ్గర మీ మహిమ పూర్తిగా కనపడింది. మా ఆయనది చౌటుప్పల్ దగ్గర కంపెనీలో డ్యూటీ. నల్గొండ నుంచీ కంపెనీ బస్సుంది, ఎల్బీనగర్ నుంచీ కంపెనీ బస్సుంది. ఎటు ఉన్నా సీటు గ్యారంటీ, నిద్ర గ్యారంటీ. కాబట్టి ఆయన ఖర్చు సున్నా అని రాశాడు. నా పేరు పక్కన కూడా సున్నా పెట్టాడు. ఇదేంటని అడిగితే "నీకెట్లా ఫ్రీయే గదా" అన్నాడు.

అవును, 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ చింపి ఇస్తాడు. దాని మీద సున్నా అని ఉన్నమాట వాస్తవం. దాన్ని ఆయన చాలా శ్రద్ధగా చదివాడు. ఇప్పుడు స్కూటీ మీద బడికి పోయి ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటున్నాను. అక్కడికి మారితే పొద్దున 6 గంటలకు పనామా చౌరస్తాలో ఉండాలి. నాలాంటి టీచర్లు, క్లర్కులు, నర్సులు అప్పటికే బ్యాగులు ముందుకు వేసుకుని నిలబడి ఉంటారు. మొదటి బస్సు డీలక్స్, అందులో జీరో టికెట్ చెల్లదు. రెండోది ఎక్స్‌ప్రెస్, కానీ ఎంజీబీఎస్‌లోనే నిండి వస్తుంది. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టే జాగా దొరికితే రెండో కాలి సంగతి అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఆలోచించాలి. నార్కెట్‌పల్లి దాకా 65 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ దిగి షేర్ ఆటో కోసం ఎదురుచూపు. ఆటో నిండేదాకా కదలదు. ఆటోలో జీరో టికెట్ లేదు.

వందేభారత్ ఉంది కదా అని కూడా అన్నారు బావగారు. నిజమే, తిరుపతి వందేభారత్ నల్గొండలో ఆగుతుంది. అయితే వనస్థలిపురం నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు నేను చేరేలోపు ఎక్స్‌ప్రెస్ బస్సు చౌటుప్పల్ దాటుతుంది.

కారు పూలింగ్ ఇంకో దారి. మా మండలంలో కారున్న సారు ఒకాయన ఉన్నాడు. నలుగురిని ఎక్కించుకుంటాడు, నెలకు ఇంత అని తీసుకుంటాడు. ముందు సీటు సీనియారిటీని బట్టి. ఆయన సెలవు పెడితే నలుగురికీ సెలవే. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాస్ రాగానే తీసుకున్నాడు, అప్పట్లో 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు. పంతంగి టోల్‌గేట్ రోజుకు రెండుసార్లు దాటితే 100 పనిదినాల్లో అయిపోతుందని నేను చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. ఆయన సోషల్ సారు లెండి.

2025 ఆగస్టు 1న మీకూ ఒక దెబ్బ తగిలింది, ఒప్పుకోండి. బళ్లలో ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్నారు. అంతకుముందు మీ భక్తుల్లో కొందరు వంతులు వేసుకునేవారు, ఇయ్యాల నువ్వు, రేపు నేను అని. సంతకాలు మాత్రం అందరివీ ఉండేవి. ఇప్పుడు ఫోన్ ముందు ముఖం పెట్టాలి, అదీ బడి దగ్గరే. వానాకాలం చిట్యాల అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి బస్సు ఆగిపోతే ముఖం అక్కడుంటుంది, హాజరు ఇక్కడ పోతుంది. టెన్షన్ మాత్రం రెండు చోట్లా ఉంటుంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. అప్పటిదాకా పిల్లగాణ్ని ఎవరు చూస్తారని అడిగాను. "ట్యూషన్ పెడ్దాం, కింది ఫ్లోర్ల లెక్కలు చెప్పే మేడమ్ ఉన్నదట, నెలకు 1,500" అన్నాడు మా ఆయన. లెక్కల టీచర్ కొడుక్కి లెక్కల ట్యూషన్! ఇప్పుడు రోజూ సాయంత్రం నేను మినప్పప్పు ఏరుకుంటూ ఊరికే చెప్పేదే అది. ఆ 1,500 స్కూలు గడిలో రాయాలా రాకపోకల గడిలో రాయాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అత్తమ్మ మాత్రం మూలన కూర్చుని "నా బీపీ గోలీలు గవర్నమెంటు దవాఖానల ఈడనే ఇస్తరు" అని ఒకమాట అంది. దానికి డైరీలో గడే లేదు.

మధ్యలో చౌటుప్పల్‌లో ఉంటే ఆయన డ్యూటీ పక్కనే, నాకు దూరం సగం, అద్దె తక్కువ అని నేను ఒకసారి అన్నాను. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి బావగారు "చౌటుప్పల్‌ల ఉంటమని చుట్టాలకు ఎట్ల చెప్తరు?" అన్నారు. ఆ ఊరి మీద చర్చ అంతటితో ముగిసింది.

ఓనరమ్మ ఆదివారం లోపు అడ్వాన్స్ కట్టమంది. మా ఆయన గూగుల్ పే తెరిచి కూర్చున్నాడు. నేను ఒక షరతు పెట్టాను. డబ్బు పంపే ముందు ఆయన ఒక వారం బావగారింట్లో ఉండి, కంపెనీ బస్సు ఎక్కకుండా, పొద్దున 6 గంటలకు పనామాలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి నార్కెట్‌పల్లిలో దిగి, ఆటోలో మా బడి గేటు దాకా రావాలి. వచ్చి, మళ్లీ వెనక్కి చౌటుప్పల్ డ్యూటీకి పోవాలి. సాయంత్రం కూడా అదే దారిలో. లీవులున్నాయి, పర్మిషన్లున్నాయి, ఏవి పెట్టుకుంటాడో ఆయన ఇష్టం. ముందు నవ్వాడు, తర్వాత డైరీ తీశాడు. సోమవారం నుంచి అంటున్నాడు.

మీ భక్తుణ్ని జాగ్రత్తగా చూసుకోగలరు. ఆయనకు జీరో టికెట్ ఇవ్వరు కాబట్టి చిల్లర పెట్టుకొమ్మని చెప్పాను.

ఇట్లు,
మీ దర్శనం ఇంకా కాని
ఒక లెక్కల టీచరు,
రామగిరి, నల్గొండ