సుమత్రా నీళ్లు మన ఒడ్డుకు రాలేదు

డిసెంబరు 26 దగ్గరపడితే చాలు, ఆ వాట్సాప్ సందేశం మళ్లీ తిరుగుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 2004లో ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గరి సముద్రపు నీరు ఒక్క ఉదుటున బయల్దేరి రెండున్నర గంటల్లో మన తీరానికి కొట్టుకొచ్చింది. సునామీ అంటే పెద్ద ఉప్పెనే. సముద్రం వెనక్కి పోతేనే సునామీ, పోకపోతే భయం లేదు. భూకంపం కబురు వినగానే వేటలో ఉన్న పడవలన్నీ ఒడ్డుకు వచ్చేయాలి.

ఆ చివరి మాట ప్రాణాల మీదికి తెచ్చేది. అది పుట్టింది మొదటి మాటలోని పొరపాటు నుంచే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘నీరు కొట్టుకొచ్చింది.’ రాలేదు. చెరువులో గాలం వేసి కూర్చున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అల వస్తుంది, గాలానికి కట్టిన బెండు లేస్తుంది, దిగుతుంది. అల ముందుకు పోతుంది, బెండు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. సాగిపోయేది శక్తి. యానకంలోని, అంటే అల సాగే పదార్థంలోని (ఇక్కడ నీటిలోని) కణాలు తమ చోటు చుట్టూ ఊగి ఆ శక్తిని పక్కవాటికి అందిస్తాయి. ఆరోజు ఉదయం 6.29కి భూకంపం వస్తే, అల తొమ్మిది దాటేసరికి విశాఖ, చెన్నై తీరాలను తాకింది. సునామీ వేగం లోతును బట్టి ఉంటుంది: గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే చాలు. 4,000 మీటర్ల లోతులో అది సెకనుకు సుమారు 200 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు. మరి అక్కడి నీరు ఎంత వేగంగా కదులుతుంది? అల ఎత్తు అర మీటరు అనుకుని లెక్క వేస్తే, సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు! చీమ నడక లాంటిది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తరంగం అంటే ఏమిటో ఏ నిర్వచనం కన్నా బాగా తెలుస్తుంది.

ఒడ్డున మాత్రం సంగతి వేరు. లోతు పది మీటర్లకు తగ్గేసరికి అల వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. వెనక భాగం ఇంకా వేగంగా వస్తూ ఉంటుంది కాబట్టి శక్తి కొద్ది దూరంలో కుదించుకుని అల ఎత్తు పెరుగుతుంది. అప్పుడు నీరు నిజంగానే ఊళ్లోకి దూసుకొస్తుంది. కానీ అది మన తీరం దగ్గరి నీరే. సందేశం రాసినవారు ఒడ్డున చూసినదాన్ని సముద్రమంతటికీ అంటగట్టారు.

‘సునామీ అంటే ఉప్పెనే.’ 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. తుపాను గాలులు, అల్పపీడనం కలిసి సముద్రాన్ని నేల మీదికి నెట్టాయి. అది ఆకాశం నుంచి వచ్చిన ఆపద, ముందుగా మబ్బూ గాలీ కనిపిస్తాయి. సునామీకి కారణం సముద్రపు అడుగు కదలడం. ఎండ కాస్తున్న ప్రశాంతమైన ఉదయాన కూడా రావచ్చు, 2004లో అలాగే వచ్చింది. రోజూ చూసే గాలి కెరటంతోనూ దీన్ని పోల్చలేం. పది సెకన్లకోసారి వచ్చే కెరటం పొడవు లోతైన నీటిలో 150 మీటర్లు ఉంటే, దాని కదలిక 80 మీటర్ల లోతుకే దాదాపు అణిగిపోతుంది. సునామీ తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడవు, వందల కిలోమీటర్లు. అడుగు నుంచి పైదాకా నీరంతా ఊగుతుంది. అందుకే కెరటం కింద మునిగి తప్పించుకోవడం దీని దగ్గర కుదరదు.

‘సముద్రం వెనక్కి పోతేనే సునామీ.’ ఇది సగమే నిజం, సగం నిజాన్ని నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. 2004లో థాయిలాండ్ వైపు ముందుగా ద్రోణి (అలలోని పల్లపు భాగం) చేరింది, అక్కడ సముద్రం వెనక్కి తగ్గింది. మన తూర్పు తీరానికి ముందు చేరింది శృంగం (అలలోని ఎత్తైన భాగం). భూకంపంలో నేల జారిన చీలికకు ఒక పక్క సముద్రపు అడుగు పైకి లేచి, మరో పక్క కుంగడమే ఈ తేడాకు కారణం. కాబట్టి సముద్రం వెనక్కి తగ్గితే పరుగెత్తాల్సిందే, తగ్గలేదని మాత్రం నిలబడకూడదు. మొదటి అల పోయింది కదా అని వెంటనే వెనక్కి రావడమూ తప్పే. తర్వాతి అల పది నిమిషాలకు రావచ్చు, గంటకు రావచ్చు, మొదటిదానికన్నా పెద్దదీ కావచ్చు.

ఇక పడవల మాట. నడిసముద్రంలో అర మీటరు అల పావుగంటో, అరగంటో తీసుకుని మెల్లగా లేచి దిగుతుంటే పడవలోని మనిషికి తెలియను కూడా తెలియదు. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీదుగా పోతూ కొలిచినప్పుడు దాని ఎత్తు 60 సెంటీమీటర్లే. లోతు నీటిలో ఉన్న పడవ అక్కడే ఉండాలి. ఒడ్డుకు తిప్పడమంటే, అల సరిగ్గా ఎక్కడ ఎత్తు పెరుగుతుందో అక్కడికే వెళ్లడం. హెచ్చరిక ఎత్తివేసేదాకా రేవుకు రాకూడదు. వేటకు పోయే మావయ్యలూ అన్నయ్యలూ ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట తెలియాలి.

ఆ కబురు అందేదీ తరంగాల మీదే. భూకంపం నుంచి ముందుగా అనుదైర్ఘ్య తరంగాలు బయల్దేరతాయి. ఇవి సాగే దిశలోనే నేలను నొక్కుతూ వదులుతూ పోతాయి. వెనకే సాగే దిశకు అడ్డంగా ఊపే తిర్యక్ తరంగాలు వస్తాయి, ఇవి ద్రవంలో సాగలేవు. సుమత్రా నుంచి హైదరాబాదుకు మొదటివి దాదాపు అయిదు నిమిషాల్లో, రెండోవి తొమ్మిది నిమిషాల్లో చేరతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రంలో) 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రపు అడుగున ఉన్న పీడన పరికరం అల భారాన్ని పసిగట్టి, సెకనుకు కిలోమీటరున్నర వేగంతో పోయే ధ్వని రూపంలో పైన తేలే బోయాకు చెబుతుంది. బోయా నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి కేంద్రానికి చేరవేసేవి విద్యుదయస్కాంత తరంగాలు. వాటికి యానకమే అక్కర్లేదు, వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. సునామీ సముద్రం దాటేలోపు ఈ కబురు రేవుకు చేరిపోగలదు.