వాచ్‌మన్ ఫ్యాను, దేశ భవిష్యత్తు

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం కదా, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో ఉపదేశం పెట్టారు. గదిలోంచి బయటికొస్తే లైటు ఆపాలట, ఎర్ర లైటు పడితే ఇంజన్ ఆపాలట, టైర్లలో గాలి చూసుకోవాలట. అన్నీ అక్షర సత్యాలే. తలా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి, దేశం పట్ల మా బాధ్యత తీర్చేసుకున్నాం.

సెక్రటరీగారి ఆచరణ మాత్రం చూసి తరించాల్సిందే. ఎనిమిదిన్నరకల్లా డ్రైవరు సెల్లార్లో బండి స్టార్ట్ చేసి ఏసీ వేస్తాడు. సార్ అప్పటికి అయిదో అంతస్తులో సాక్సు వెతుక్కుంటూ ఉంటారు. లిఫ్టు దాకా వచ్చాక కళ్లజోడు గుర్తొస్తుంది. ఆయన వెనక్కి వెళ్తే, లిఫ్టు పోకుండా మేడమ్ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నిలబడతారు. కింద బండి గుర్రుమంటూనే ఉంటుంది. తీరా దిగాక క్యారేజీలో పెరుగు గిన్నె లేదని తేలుతుంది. దాని కోసం లిఫ్టు ప్రత్యేకంగా పైకెళ్లి, గిన్నెను సగౌరవంగా కిందికి తీసుకొస్తుంది. ఇంతా చేసి సార్ కూర్చునే వేళకు సీటు చల్లగా ఉండాలి. డిసెంబరులో! జనం మంకీ క్యాపులు పెట్టుకుని తిరిగే రోజుల్లో! వెనకద్దం మీద 'ఇంధనం ఆదా చేద్దాం' స్టిక్కరు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

ఇక వేసవిలో వీళ్ల పొదుపు వేరు. ఏసీ 18లో పెట్టి రగ్గు కప్పుకుంటారు. కొత్త ఏసీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని ప్రభుత్వం 2020 నుంచి నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచినా సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. కానీ రిమోట్ మన చేతిలో ఉంది, రగ్గేమో పెళ్లికి పెట్టింది. వాడకపోతే పాడైపోదూ?

సరే, నవ్వుకుని ఊరుకునేవాణ్నే. కానీ ఆ వారంలోనే మీటింగు పెట్టారు. వాచ్‌మన్ గదిలో ఫ్యాను రాత్రంతా తిరుగుతోందట, బిల్లు కామన్ మీటర్ మీద పడుతోందట. పదకొండు దాటితే ఆగిపోయేలా టైమర్ బిగించాలని తీర్మానం. చలికాలంలో ఫ్యానెందుకని ఒకాయన లాజిక్కు. సెల్లార్లో, కిటికీ లేని గదిలో, చంటిపిల్లతో ఒక్క రాత్రి పడుకుంటే దోమలే చెబుతాయి ఎందుకో.

లెక్క కావాలా? పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. పది గంటలు తిరిగినా ముప్పావు యూనిట్. ఒకటిన్నర టన్నుల ఏసీ అరగంటలో దాదాపు అంత తాగేస్తుంది. నిజంగా పొదుపే కావాలంటే, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారు ఫ్యాను, కొనివ్వొచ్చు. ఆ మాటంటే, 'వాచ్‌మన్‌కి అంత ఫ్యానా?' అన్నారు. ఫ్యానులో కూడా కులం చూస్తున్నారు, సిగ్గులేకుండా.

అదే కామన్ మీటర్ మీద గేటు దగ్గర ఫౌంటెన్ రాత్రంతా రంగులు మారుస్తూ ఎగురుతుంది. చూసేది వీధికుక్కలు. అపార్ట్‌మెంట్ పేరు రాసిన బోర్డు తెల్లారేదాకా వెలుగుతుంది. వీటికి టైమర్ పెడదామంటే 'మన ఇమేజ్ ఏం కాను?' అని అందరికీ టెన్షన్.

ముందు ఆ ఫౌంటెన్ ఆపండి సార్. పసిపిల్ల ఫ్యాను సంగతి తర్వాత మాట్లాడదాం.