మెరుపుల దుస్తుల మాటున జాజ్: ఎర్త్, విండ్ అండ్ ఫైర్ ప్రస్థానం

ఎర్త్, విండ్ అండ్ ఫైర్ పేరు చెప్పగానే చాలామందికి మెరిసే దుస్తులు, ఇంద్రజాల ప్రదర్శనను తలపించే వేదిక, విందుల్లో నేటికీ మోగే రెండు మూడు డాన్స్ పాటలు గుర్తుకొస్తాయి. జాజ్ అభిమానుల్లో ఒక వర్గం ఈ అమెరికన్ బృందాన్ని మార్కెట్‌కు లొంగిన ప్రతిభగా చూసింది. పాప్ శ్రోతలేమో అందులో జాజ్ ఉందన్న సంగతే పట్టించుకోలేదు. ఇరువర్గాలూ జాజ్‌ను సుదీర్ఘమైన సోలోల్లో, అంటే ఒక్కరే వాయించే భాగాల్లో, వెతకడం వల్లే ఈ పొరపాటు జరిగిందని నా అభిప్రాయం. ఈ బృందం దాన్ని పాట కట్టుబడిలోనే ఇమిడ్చింది, ఆ కట్టుబడి సడలినప్పుడల్లా తానూ సడలింది.

వ్యవస్థాపకుడు మారిస్ వైట్ 1941లో మెంఫిస్‌లో పుట్టి, షికాగోలోని చెస్ రికార్డ్స్‌లో స్టూడియో డ్రమ్మర్‌గా రాటుదేలారు. బ్లూస్ అయినా సోల్ అయినా పాటకు కావలసినంతే వాయించి ఆగడం ఆ వృత్తి నేర్పే క్రమశిక్షణ. 1966 నుంచి మూడేళ్లపాటు ప్రముఖ జాజ్ పియానిస్టు రామ్సే లూయిస్ త్రయంలో వాయించిన ఆయన, ఆ కాలంలోనే బొటనవేళ్లతో మీటే ఆఫ్రికా వాద్యం కలింబాను చేపట్టారు. 1969లో మొదలైన బృందం మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చింది. 1971లో వచ్చిన తొలి రెండు ఆల్బమ్‌లు పెద్దగా ఆదరణ పొందలేదు. కొద్దికాలానికే మారిస్, ఆయన తమ్ముడు వెర్డీన్ తప్ప దాదాపు అందరూ వెళ్లిపోయారు. 1972లో డెన్వర్ నుంచి వచ్చిన ఫిలిప్ బెయిలీ పై స్థాయి గాత్రం తోడయ్యాకే, కొలంబియా సంస్థ అండతో అసలు కథ మొదలైంది.

ఈ కథలో చార్ల్స్ స్టెప్నీకి దక్కాల్సిన పేరు దక్కలేదు. చెస్ రోజుల్లోనే తంత్రీవాద్యాలను, సోల్ గాత్రాలను, సైకెడెలిక్ రాక్‌ను ఒకచోట చేర్చి ప్రయోగాలు చేసిన షికాగో సంగీతకారుడాయన. 1974 నుంచి మారిస్‌తో కలిసి పనిచేస్తూ, ఎన్ని వాద్యాలున్నా దేని చోటు దానికి కేటాయించే పద్ధతిని ఆయన ఈ బృందానికి అలవాటు చేశారు. 1975లో ఆల్బమ్ పట్టికలోనూ, ‘షైనింగ్ స్టార్’తో పాటల పట్టికలోనూ బృందం మొదటి స్థానానికి చేరింది. అమెరికా ప్రధాన పాటల పట్టికలో వారికి దక్కిన అగ్రస్థానం అదొక్కటే. మరుసటి ఏడాదే స్టెప్నీ 45 ఏళ్ల వయసులో మరణించారు.

హార్న్ విభాగానిదీ, అంటే ఊదే వాద్యాల జట్టుదీ, షికాగో వారసత్వమే. శాక్సోఫోన్ వాద్యకారుడు డాన్ మైరిక్, ట్రాంబోన్ వాయించే లూయిస్ శాటర్‌ఫీల్డ్ అంతకుముందు ప్రయోగాత్మక జాజ్ సంగీతకారుడు సన్ రా బృందంలో పనిచేసిన ఫిల్ కోరన్ శిక్షణలో ఎదిగినవారు. అంటే, రేడియోలో మూడు నిమిషాల పాటకు మెరుగులు దిద్దింది ప్రయోగాత్మక జాజ్‌లో ఆరితేరిన చేతులే. 1978 నాటి ‘సెప్టెంబర్’ను శ్రద్ధగా వింటే, అందులోని కార్డ్‌లు (కలిపి పలికించే స్వరాల గుంపులు) ఆధార శ్రుతి మీద స్థిరపడకుండా ముందుకు కదులుతూనే ఉంటాయి, ఆ పాట అలసట తెలియనివ్వకపోవడానికి లయ ఎంత కారణమో ఈ అస్థిరతా అంతే కారణం. మరుసటి ఏడాది వచ్చిన ‘ఆఫ్టర్ ది లవ్ హాజ్ గాన్’ బయటి రచయితలది. పైకి మెత్తని ప్రేమగీతంలా వినిపిస్తూనే పదేపదే శ్రుతి మార్చుకునే ఆ పాటకు మైరిక్ సోలోయే ముగింపు.

1979 జూలై 12న షికాగోలోని బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పేల్చివేసిన ఘటన తర్వాత, డిస్కోకు దగ్గరగా ఉన్న ప్రతి నల్లజాతి బృందమూ అనుమానితుల జాబితాలో చేరింది. మారిస్ సంగీతం నేర్చుకున్న నగరమే అందుకు వేదిక కావడం విచిత్రం. 1981లో ‘లెట్స్ గ్రూవ్’ మూడో స్థానానికి చేరి బృందం సత్తాను మరోసారి చాటింది కానీ, 1983 నాటి ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ ఆల్బమ్‌లో సింథసైజర్లే పైచేయి సాధించాయి. కాలం మారింది కాబట్టి ధ్వని మారక తప్పదన్న వాదన సబబే. అయితే అప్పట్లో బ్రిటిష్ గాయకుడు ఫిల్ కాలిన్స్ రికార్డుల్లో వినిపించిన హార్న్‌లు ఈ బృందానివే. శ్రోతలు విసిగింది ఆ ధ్వనితో కాదనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు. ఆల్బమ్ ఆశించినంత అమ్ముడుపోలేదు. 1984లో మారిస్ బృందానికి విరామం ప్రకటించారు.

1987లో మళ్లీ ఒక్కటైనా, పార్కిన్సన్ వ్యాధి కారణంగా 1990ల మధ్యకల్లా మారిస్ పర్యటనలు మానుకున్నారు. 2016లో ఆయన మరణించారు. బెయిలీ, వెర్డీన్, రాల్ఫ్ జాన్సన్ బృందాన్ని నడిపిస్తూ వచ్చారు. 2019లో కెనడీ సెంటర్ పురస్కారమూ అందుకున్నారు. 2013 నాటి ఆల్బమ్‌లో హార్న్‌లు, పాత తరహా లయ తిరిగి వచ్చాయి. వినడానికి అది హాయిగానే ఉంటుంది, కానీ 1975లోలా తర్వాతి కార్డ్ ఎటు తిరుగుతుందోనన్న ఉత్కంఠ అందులో లేదు. స్టెప్నీ స్థానంలో కూర్చోగల అరేంజర్‌ను, అంటే ఏ వాద్యం ఎక్కడ పలకాలో నిర్ణయించే వ్యక్తిని, ఆయన మరణానంతరం ఈ బృందం శాశ్వతంగా నిలుపుకోలేకపోయింది.