లాస్ ఏంజెలెస్ చార్టర్‌లో స్కూల్ బోర్డు: ఓటు అందరిదీ, ముసాయిదా కొందరిదీ

లాస్ ఏంజెలెస్ నగరానికి తన పాలన ఎలా సాగాలో తానే రాసుకున్న చార్టర్ ఒకటి ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న చార్టర్‌ను ఓటర్లు 1999 జూన్‌లో ఆమోదించగా, అది 2000 జులై నుంచి అమల్లోకి వచ్చింది. సిటీ కౌన్సిల్ వారానికి ఎన్ని రోజులు సమావేశం కావాలన్న నియమంతోపాటు స్కూల్ బోర్డు సభ్యుల ఎన్నికకు, పదవీకాలానికి సంబంధించిన నియమాలు కూడా ఈ ఒక్క పత్రంలోనే ఉన్నాయి. పైకి ఇది సాధారణమైన ఏర్పాటుగానే కనిపిస్తుంది. కానీ ఆ బోర్డు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే దాని కింద ఉన్న ప్రభుత్వ బడుల పరిధి, నగరంతో ముగిసిపోదు. సౌత్ గేట్, హంటింగ్టన్ పార్క్, శాన్ ఫెర్నాండో, వెస్ట్ హాలీవుడ్ వంటి ఇరవైకి పైగా ఇతర నగరాలు పూర్తిగానో పాక్షికంగానో దాని పరిధిలోకి వస్తాయి. ఆ నగరాల్లోని తల్లిదండ్రుల పిల్లలు చదివే బడులను నడిపే బోర్డు నియమాలు, వారు ఓటు వేయని కౌన్సిల్ చేతిలో తయారవుతున్నాయి.

దీనికి మూలం కాలిఫోర్నియా రాజ్యాంగంలోని 9వ అధికరణం 16వ సెక్షన్. స్కూల్ బోర్డు సభ్యులను ఎన్నుకోవాలా, నియమించాలా, వారు ఎందరుండాలి, అర్హతలేమిటి, జీతమెంత, తొలగించేదెలా అన్నవన్నీ చార్టర్ నగరాలు తమ చార్టర్‌లోనే నిర్ణయించుకోవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. డిస్ట్రిక్ట్ సరిహద్దు నగరాన్ని దాటినప్పుడు అలాంటి సవరణకు డిస్ట్రిక్ట్ మొత్తంలో ఓటు వేసినవారి మెజారిటీ కావాలని కూడా అదే సెక్షన్ షరతు పెట్టింది. ఇది మంచి రక్షణే. అయితే అది పనిచేసేది చివరి మెట్టు మీద మాత్రమే. సవరణలో ఏముండాలి, ఏ ఎన్నికలో బ్యాలెట్‌పైకి రావాలి, ప్రశ్నను ఏ మాటల్లో అడగాలి అన్నవి అప్పటికే ఖరారై ఉంటాయి. సౌత్ గేట్ ఓటరు ఔననో కాదనో చెప్పగలడు తప్ప, ఈ వాక్యం మార్చండని అడగడానికి అతనికి బాధ్యత వహించే కౌన్సిలర్ ఆ సభలో లేడు.

2015 మార్చిలో జరిగింది చూడండి. నగర ఎన్నికలను రాష్ట్ర, జాతీయ ఎన్నికలు జరిగే సరి సంవత్సరాలకు మార్చే మొదటి సవరణ, స్కూల్ బోర్డు ఎన్నికలనూ వాటితోపాటే మార్చే రెండో సవరణ జంటగా బ్యాలెట్‌పైకి వచ్చి నెగ్గాయి. ఉద్దేశం సరైనదే. 2013 మేయర్ తుది పోరులో పోలింగ్ 23 శాతం దగ్గర ఆగిపోగా, మార్పు తర్వాత 2022 నవంబరులో అది నలభై శాతం దాటింది. కానీ ఆ మార్పు కోసం 2015లోనూ 2017లోనూ గెలిచినవారికి నాలుగేళ్లకు బదులు ఐదున్నరేళ్ల పదవీకాలం దక్కింది. నగర రాజకీయాల క్యాలెండర్‌కు తగ్గట్టు స్కూల్ బోర్డు క్యాలెండర్‌ను జరిపినప్పుడు, ఆ అదనపు ఏడాదిన్నర గురించి శివారు నగరాల తల్లిదండ్రులతో ముసాయిదా దశలోనే మాట్లాడి ఉండాల్సింది.

2024 నవంబరులోనూ జంట ప్రశ్నలే. కౌన్సిల్ వార్డుల పునర్విభజనను స్వతంత్ర కమిషన్‌కు అప్పగించే డీడీ అనే ప్రతిపాదన, స్కూల్ బోర్డు నియోజకవర్గాలకు అదే పని చేసే ఎల్ఎల్ అనే ప్రతిపాదన రెండూ నెగ్గాయి. ఈ సంస్కరణకు ఊపునిచ్చింది 2022 అక్టోబరులో బయటపడిన ఆడియో రికార్డింగ్. వార్డుల హద్దుల మీద కొందరు కౌన్సిలర్లు జాతి విద్వేషంతో మాట్లాడుకున్న మాటలు అందులో వినిపించాయి, కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్ రాజీనామా చేశారు. ఎల్ఎల్ ఫలితం మేలైనదేనని నా అభిప్రాయం. అయినా సంక్షోభం కౌన్సిల్‌ది, పరిష్కారం కౌన్సిల్‌ది, బడులు మాత్రం దాని వెంట నడిచాయి.

అందుకే కౌన్సిల్ సమావేశాల నియమాలను బడుల విషయం నుంచి విడదీసి చూడలేం. వారానికి కనీసం మూడు రోజులు సభ జరగాలని చార్టర్ నిర్దేశిస్తుంది. కౌన్సిల్ మంగళ, బుధ, శుక్రవారాల్లో ఉదయం పది గంటలకు కూర్చుంటుంది. స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలనే రాష్ట్రంలోని 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం ఎజెండాను 72 గంటల ముందు ప్రకటించాలి. పారదర్శకత విషయంలో ఇవి గట్టి నియమాలు. కానీ ఉదయం పది గంటలంటే గిడ్డంగిలోనో హోటల్లోనో పని చేసే తల్లి ఒక పూట కూలి వదులుకుంటే గానీ మైకు ముందు నిలబడలేని వేళ. సభల సంఖ్యను చార్టర్ కాపాడింది గానీ, వేళను పట్టించుకోలేదు.

బోర్డును నగరానికి మరింత దగ్గర చేయాలన్న ప్రయత్నమూ జరిగింది. 2006లో అప్పటి లాస్ ఏంజెలెస్ మేయర్ విల్లరైగోసా చొరవతో వచ్చిన ఏబీ 1381 అనే రాష్ట్ర చట్టం డిస్ట్రిక్ట్‌పై మేయర్‌కు కొంత అధికారం ఇచ్చింది. బోర్డును ఎలా ఏర్పరచుకోవాలో నిర్ణయించే హక్కు ఓటర్లదేనని, శాసనసభ దాన్ని దాటవేయజాలదని అంటూ 2007లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. చార్టర్‌కు ఉన్న బలం అదే.

ఆ బలం శాన్‌ఫ్రాన్సిస్కోలో మరోలా పనిచేసింది. 2016లో అక్కడి ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన ఎన్ ప్రకారం, పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. 2023లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది, ఆధారం మళ్లీ ఆ 16వ సెక్షనే. హెచ్‌-1బీపై ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. అయితే శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఉండేవారికే, ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఉన్నవారికి కాదు. నమోదు చేసుకుంటే వివరాలు వలస విభాగానికి చేరవచ్చని నగర అధికారులే హెచ్చరిస్తారు కనుక తొందరపడకపోవడం మంచిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దులు ఒక్కటే. రాసేవారూ ఓటేసేవారూ ఒకే ఊరివారు కాబట్టి లాస్ ఏంజెలెస్ చిక్కు అక్కడ లేదు.

స్కూల్ బోర్డు అధ్యాయాన్ని మార్చే ఏ సవరణనైనా బోర్డు ఆమోదంతోనే బ్యాలెట్‌పైకి తేవాలని కొందరు అనవచ్చు. దానితో నేను ఏకీభవించను. సభ్యులకు మూడు దఫాల పరిమితి పెట్టిన 2007 నాటి మెజర్ ఎల్ వంటి సవరణలను, పదవిలో ఉన్నవారి చేతికి వీటో ఇస్తే ఎవరు ముందుకు రానిస్తారు? కావలసింది అనుమతి కాదు, విచారణ. అలాంటి ముసాయిదాపై బోర్డు లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవాలని, నగర సరిహద్దుకు బయట కనీసం రెండు చోట్ల సాయంత్రం వేళ బహిరంగ విచారణ జరపాలని, అక్కడ వచ్చిన ఒక్కో అభ్యంతరానికి కౌన్సిల్ ఓటుకు ముందే సమాధానం ప్రచురించాలని చార్టర్‌లోనే రాయవచ్చు. దీనికి రాష్ట్ర రాజ్యాంగాన్ని ముట్టుకోనవసరం లేదు. కౌన్సిల్ తలచుకుంటే తర్వాతి సరి సంవత్సరపు బ్యాలెట్‌లోనే దీన్ని ఓటర్ల ముందు పెట్టగలదు, ఆ ముసాయిదాపై మొదటి విచారణ సౌత్ గేట్‌లోనే జరపగలదు.