థర్మోస్టాట్ పీకి పారేయడం మరమ్మతు కాదు

ఇంజను వేడెక్కుతోందని తీసుకెళ్ళిన కారులోంచి థర్మోస్టాట్‌ను, అంటే ఇంజను నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వును ఊడబీకి, తుక్కు డబ్బాలో పడేసి, "మన ఊరి ఎండకు ఇది అక్కర్లేదమ్మా, ఇక ముల్లు లేవదు" అని చెప్పే మెకానిక్కులను ఇంకెంత కాలం భరించాలి? ఈ మధ్యాహ్నమే జరిగింది. నన్ను అడగలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, అయినా అడగలేదు. తీసినందుకు మూడు వందలు పుచ్చుకున్నాడు. చెన్నైలో వలసరవాక్కం దాటక ముందే ఇంజను వేడి చూపే ముల్లు మళ్ళీ ఎరుపు గీత వైపు పాకింది. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను, ఒళ్ళు ఇంకా మండిపోతోంది.

మాది 2003 నాటి మారుతి జెన్. అల్యూమినియం ఇంజను, 993 సీసీ, ఈ రోజుకీ ఒక్క తాళం తిప్పుకే లేస్తుంది. దాన్ని రోజూ నడిపేది నేను. ఎప్పుడు వేడెక్కుతుందో, ఎప్పుడు చల్లబడుతుందో తెలిసినదీ నాకే. అదే వివరంగా చెప్పాను. ఆర్కాట్ రోడ్డులో బండ్లు కదలకుండా నిలిచిపోతే ముల్లు లేస్తోంది. మధురవాయల్ బైపాస్ ఎక్కి అరవైలో వెళితే కాసేపట్లోనే మధ్యకు దిగిపోతోంది. నీళ్ళు తగ్గడం లేదు, కారు కింద తడి లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను అంత వేడిలోనూ రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు.

ఇంతకంటే తేలికైన రోగం ఉంటుందా? కారు పరుగెడుతుంటే గాలి తనంతట తానే రేడియేటర్ మీదుగా పోతుంది. నిలబడితే ఆ గాలిని లాగాల్సింది ఫ్యాన్. నిలబడినప్పుడే వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది ఫ్యానును, దాని ఫ్యూజును, దానికి కరెంటు కలిపే రిలేను, వేడెక్కగానే దాన్ని పనిచేయించే స్విచ్చును. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి మోటారుకు తాకిస్తే తిరుగుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. తిరిగితే మోటారు మంచిదే, లోపం స్విచ్చులోనో రిలేలోనో ఉంది. తిరగకపోతే మోటారే పోయింది. అయిదు నిమిషాల పని. దానికి తిరగబడ్డ లక్షణం ఇంకొకటి ఉంది. ఊళ్ళో బాగానే ఉండి, నెల్లూరు రోడ్డు మీద ఎనభై దాటగానే వేడెక్కితే అప్పుడు రేడియేటర్ గొట్టాలు పూడిపోయాయా, నీటి పంపు నీటిని తోయలేకపోతోందా అని చూడాలి. ఎప్పుడు వేడెక్కుతోంది అనే ఒక్క ప్రశ్నకు జవాబు వింటే సగం రోగం తేలిపోతుంది. ఆ ప్రశ్న అతను అడగలేదు. అడగకుండానే నేను చెబితే వినలేదు. నేను చెప్పినంతసేపూ తలాడించి, చివరికి మా ఆయన వైపు తిరిగి "సార్, వాల్వు జామ్ అయింది, తీసేద్దాం" అన్నాడు. మా ఆయన ఈ కారు నడపరు. ఆ సంగతీ అప్పటికే చెప్పాను.

థర్మోస్టాట్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఈ మాట అనరు. లోపల మైనం నింపిన చిన్న గిన్నె ఉంటుంది. చుట్టూ ఉన్న నీరు వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది, అప్పుడు నీరు రేడియేటర్‌కు వెళుతుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. మామూలు కార్లలో ఇది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునేలా చేస్తారు. ఊరి ఎండకు దీనితో ఏమిటి సంబంధం? ఈ నగరంలో 2003 మే నెలాఖరున 45 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు జనం అల్లాడిపోయారు. కానీ తొంభై డిగ్రీల దగ్గర పనిచేయాల్సిన ఇంజనుకు 45 అంటే చల్లదనమే. చెన్నై అయినా సిమ్లా అయినా ఇంజను లోపల ఉండాల్సిన వేడి ఒక్కటే. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజను వేడి పట్టడానికి చాలా ఆలస్యమవుతుంది. ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని కారులోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో ఇంకా ఘోరం. వాటిలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు, నీటిని రేడియేటర్‌కు పంపకుండా ఇంజనులోనే తిప్పే పక్కదారిని మూసే ఏర్పాటు కూడా దానికే ఉంటుంది. అది లేకపోతే వేడి నీటిలో చాలా భాగం రేడియేటర్ వైపు పోకుండా పక్కదారిలోనే తిరుగుతూ ఇంజను మరింత వేడెక్కుతుంది. ఇవన్నీ తెలియకపోతే తెలుసుకోవాలి. తెలిసీ తీస్తే అది మోసం.

డబ్బాలోంచి దాన్ని నేనే ఏరి తెచ్చుకున్నాను. ఇంటికి రాగానే గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి అందులో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాను. నీళ్ళు మరగక ముందే వాల్వు నిదానంగా విచ్చుకుంది. తీసి చల్లార్చితే మూసుకుంది. దాని మీద 82 అని అచ్చు గుద్ది ఉంది. భేషుగ్గా పనిచేస్తున్న వస్తువు! దాన్ని జామ్ అయిందన్నాడు. ఆ పరీక్ష గ్యారేజీలోనూ చేయవచ్చు, టీ కాచుకునే స్టవ్ అక్కడే ఉంది.

అంతటితో ఆగాడా? విప్పినప్పుడు కారిన కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బదులు బోరు నీళ్ళు గొట్టంతో పట్టాడు. చెన్నై బోరు నీళ్ళు! మా వీధిలో ఆ నీళ్ళు పడితే బకెట్టు అడుగున తెల్లటి పొర కడుతుంది, గీజరు కాయిలు మీద సున్నం పెచ్చులు పెచ్చులుగా పేరుకుంటుంది. కండలేరు జలాశయం నుంచి పూండి చెరువుకు కృష్ణా నీళ్ళు వచ్చినా, ట్యాంకర్లు తిరిగినా, ఇళ్ళలో తాగడానికి క్యాన్ నీళ్ళే కొంటాం. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు జలాశయాలూ ఎండిపోతే ఉప్పు నీటితో స్నానాలు చేసిన ఊరు ఇది. ఆ నీళ్ళలో ఏముందో ఇక్కడ చంటిపిల్లకూ తెలుసు. వేడి పెరిగిన కొద్దీ ఆ సున్నం నీటిలోంచి విడివడి లోహానికి అంటుకుంటుంది. రేడియేటర్ గొట్టాలు సన్నగా ఉంటాయి, వాటిలో పొర కట్టిందంటే వేడి బయటకు రాదు. పాత ఇత్తడి రేడియేటర్లయితే ట్యాంకు విప్పి, కడ్డీలు దూర్చి శుభ్రం చేసేవారు. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం గొట్టాలు ఉన్నవాటికి ఆ పని కుదరదు, మార్చడమే. కూలెంట్ సగం, బ్యాటరీ నీళ్ళు సగం కలిపి పోయాలి. ప్రతి పెట్రోలు బంకు పక్కనా దొరికే, ఉప్పులు లేని శుద్ధమైన నీళ్ళు అవి. కూలెంట్ పోసేది మంచు గడ్డ కట్టకుండా ఉండడానికేననీ, మనకు దానితో పనిలేదనీ అనేవాళ్ళున్నారు. అందులో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. అల్యూమినియం ఇంజనుకు అవే ప్రాణం.

ఇంకో మాట. తీసిన కూలెంట్‌ను వీధి కాలువలోకి వదిలేశాడు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. గ్యారేజీ ముందే రెండు కుక్కపిల్లలు పడుకుని ఉన్నాయి. పళ్ళెం పెట్టమని అరిచాను. "ఏం కాదమ్మా" అన్నాడు. ఏం కాదు అనే మాటతోనే ఈ ఊళ్ళో సగం ఇంజన్లు పాడవుతున్నాయి.

మూత సంగతి ఎవరూ పట్టించుకోరు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. దాదాపు 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే లోపలి నీరు 100 దగ్గర కాకుండా 118 డిగ్రీల చుట్టుపక్కల వరకూ మరగదు. రబ్బరు వాషరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, నీరు ముందే మరిగి పక్క డబ్బాలోకి పొంగుతుంది. చల్లబడినప్పుడు ఆ నీటిని వెనక్కి పీల్చుకోవడానికి మూతలోనే ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. అది పట్టేస్తే పై గొట్టం నొక్కుకుపోతుంది. రెండు మూడు వందల మూత. దాన్ని చూడకుండా వేల రూపాయల పని చెబుతారు.

ఆ వేల రూపాయలు మేమూ కట్టాం. కొన్నేళ్ళ క్రితం ఇంకో గ్యారేజీలో. అది తలుచుకుంటే ఈ మధ్యాహ్నం జరిగింది చాలా చిన్నది. అప్పుడు కూలెంట్ తగ్గుతోంది. ఇంజను పైభాగమైన హెడ్‌కూ కింది దిమ్మకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు. పోయిందని ఎలా చెప్పారు? ఆయిల్ మజ్జిగలా మారలేదు. సైలెన్సరు నుంచి తెల్ల పొగ లేదు. చల్లటి ఇంజనును మూత తీసి నడిపిస్తే బుడగలు రాలేదు. రేడియేటర్‌కు చిన్న పంపు తగిలించి ఒత్తిడి పెట్టి చూసే పరికరం ఉంటుంది. పొగ వాయువు నీటిలోకి వస్తోందో లేదో రంగు మారి చెప్పే ద్రవం ఉంటుంది. కంప్రెషన్ గేజీ ఉంటుంది. ఒక్కటీ వాడలేదు. నీటి పంపు కింద, మెకానిక్కులు వాటర్ బాడీ అంటారే, దాని చిన్న రంధ్రం దగ్గర ఎండిపోయిన పచ్చటి చార ఉంది. నేను వేలు పెట్టి చూపించాను. పంపు లోపలి సీలు అరిగితే నీరు బయటపడేందుకే ఆ రంధ్రం పెడతారు. వేడి ఇంజను మీద పడ్డ చుక్క ఆవిరైపోతుంది, కింద తడి కనిపించదు, చార మాత్రమే మిగులుతుంది. "అది పాత మరక మేడమ్" అన్నారు. హెడ్ విప్పి లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించారు, అంటే దాని అడుగు చదునుగా గీకించారు. ఒకసారి గీకిన లోహం తిరిగి రాదు, గీకడానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దులో కొంత మా ఇంజను ఏ తప్పూ చేయకుండానే పోగొట్టుకుంది. తెచ్చుకున్న వారానికే కూలెంట్ మళ్ళీ తగ్గింది. చివరికి వాటర్ బాడీ మార్చారు, తగ్గడం ఆగింది. క్షమించమని ఒక్కరూ అనలేదు. నేను చూపించిన చోటు అదేనని గుర్తు చేస్తే, మా ఆయనకు "సార్, రెండూ పోయి ఉంటాయి" అని సర్ది చెప్పారు. అక్కడ నిలబడ్డ నాకు కాదు, ఆయనకు!

నా మాట మగవాడి నోటి నుంచి వచ్చి ఉంటే ఆ హెడ్ విప్పేవారు కాదు. ఈ రోజు థర్మోస్టాట్ కూడా తీసేవాడు కాదు. ఈ విషయంలో నాకు ఎలాంటి అనుమానం లేదు. కారు నడిపే ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు. శబ్దం ఎక్కడ వస్తోందో చెబుతాం, వాసన ఎలాంటిదో చెబుతాం, ఏ గేరులో వణుకుతోందో చెబుతాం, వాళ్ళు మన వెనక ఎవరైనా వచ్చారా అని చూస్తారు.

ఇంతలో మొదలవుతుంది రెండో బాధ. "పాత కారు కదా, అమ్మేయండి." అపార్ట్‌మెంటు కింద ఒకరు, ఫోనులో మా మరిది, పెళ్ళిలో కనబడ్డ ప్రతి చుట్టమూ. ఫ్యాన్ మోటారు పాడైతే ఇంజను ముసలిదై పోయిందా? నీటితో చల్లబడే ఏ ఇంజనైనా పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతును నీటి ద్వారా బయటికి వదలాల్సిందే. నిన్న కొన్న కారులోనూ ఫ్యాన్ ఆగితే ముల్లు లేస్తుంది. విడిభాగాలు దొరకవంటారు. జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు ఎప్పుడైనా వెళ్ళారా? పుదుపేటలో తిరిగారా? జెన్‌కు కావలసినది ఇంకా దొరుకుతోంది. అడిగి, ఏరి, బేరమాడి తెచ్చుకోవాలి, అంతే. ప్రభుత్వమూ వీళ్ళకే వంత పాడుతోంది. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏళ్ళు దాటితే 10,000 అన్నారు. పన్నులు కడుతున్నాం, పొగ పరీక్ష చేయిస్తున్నాం, ఫిట్‌నెస్ చూపిస్తున్నాం. నెలల తరబడి తవ్విపెట్టిన రోడ్ల మీద గంటల కొద్దీ ఇంజను నడుస్తూ నిలబడిపోయే పెట్రోలుకు, ఆ పొగకు ఎవరి మీద రుసుము వేస్తారు? మంచిగా చూసుకున్న కారును తుక్కుకు పంపమని చెప్పే దేశంలో, మంచిగా మరమ్మతు చేసేవాడిని తయారుచేసే ఆలోచన మాత్రం ఎవరికీ లేదు.

ఈ రోజు దారిలో ముల్లు లేచినప్పుడు ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, పక్కకు తీసి ఆపాను. హీటరు కూడా చిన్న రేడియేటరే, కొంత వేడిని లాగేస్తుంది. ఎండలో చెమటలు కారుతున్నా అది వేయాల్సిందే. ఎవరో పెద్దమనిషి నీళ్ళ సీసాతో వచ్చి మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని లాగేశాను. ఒత్తిడిలో ఉన్న ఆ నీరు మూత వదలగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కాలిపోతున్న అల్యూమినియం హెడ్‌కు చన్నీళ్ళు తగిలితే అది వంగిపోవచ్చు. దయచేసి ఎవరి కారుకూ ఈ సాయం చేయకండి. ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోయినా సంబరపడకండి. నీరంతా పోయి సెన్సరు ఖాళీలో ఉంటే కూడా ముల్లు పడిపోతుంది.

రేపు పొద్దున ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళుతున్నాను. ఫ్యానుకు స్విచ్చు పెట్టి డైరెక్ట్ ఇచ్చేస్తానంటే ఒప్పుకోను, ఫ్యూజు లేని వైరుతో కారు తగలబడడం నాకు వద్దు. మోటారు బ్రష్షులు చూడాలి, రిలే చూడాలి, స్విచ్చు చూడాలి, పోయినది ఏదో అదే మార్చాలి. బోరు నీళ్ళు మొత్తం వదిలించి, బ్యాటరీ నీళ్ళతో రెండు సార్లు కడిగించి, కొత్త కూలెంట్ పోయిస్తాను. థర్మోస్టాట్‌ను కొత్త గ్యాస్కెట్‌తో దాని చోట బిగిస్తాను. ఆ మూడు వందలు మాత్రం వెనక్కి అడుగుతాను. మా ఆయనను తీసుకెళ్ళకుండా.